బందరులో కొర్రమీను

ఏలూరు నుంచి మావాళ్లు ఎవరు బందరు వచ్చినా నేను తిప్పి చూపించే వరుస ఒకటే. ముందు డచ్చివాళ్ల సమాధులు, తరవాత బందరుకోటలో మిగిలిన గోడలు, అక్కణ్ణుంచి చిలకలపూడి పాండురంగస్వామి గుడి, గుడి దారిలో రోల్డుగోల్డు గాజుల కొట్లు, సాయంత్రానికి మంగినపూడి సముద్రం, తిరిగొచ్చేటప్పుడు తొక్కుడు లడ్డు. ఈ వరుసకి కారణాలున్నాయి. సమాధుల దగ్గర నీడ లేదు కాబట్టి ఎండెక్కక ముందే చూసెయ్యాలి. గుడి మధ్యాహ్నం మూసేస్తారు. సముద్రాన్ని చివర పెట్టకపోతే తడిబట్టలతో ఇంకేమీ చూడరు. లడ్డు ముందే కొంటే వ్యానులోనే తినేస్తారు.

చూడ్డానికి వచ్చేవాళ్లకి ఈ ఊరు ఒక పూటలో అయిపోతుంది. ఉండేవాళ్లకి వేరే రకంగా ఉంటుంది. ఒకప్పుడు ఎక్కడెక్కడి ఓడలూ వచ్చిన రేవు అని నేనూ అందరికీ చెబుతాను గానీ, రోజూ నాకు కనబడేది ఉప్పు. తలుపు బందుల్ని తింటుంది, కిటికీ ఊచల్ని తింటుంది, బండి సైలెన్సరుని తింటుంది. వలందపాలెంలో నేను అద్దెకున్న పాత పెంకుటింట్లో రాత్రి రాలిన సున్నాన్ని పొద్దున్నే చీపురుతో ఎత్తడం నా మొదటి పని. గోడకి ఎన్నిసార్లు పూత పూసినా ఆ ఉప్పు మళ్లీ పైకి పొక్కుతుంది. ఇంటివాళ్లు పూయించడం మానేశారు, నేను అడగడం మానేశాను.

నా ఉద్యోగమూ ఉప్పుతోనే. డిప్లొమా అయ్యాక తాడేపల్లిగూడెంలో ఆఫీసున్న ఒక చిన్న కంపెనీలో చేరాను. నీళ్ల ప్లాంట్లు బిగించి, సర్వీసు చేసే కంపెనీ. నన్ను బందరు పంపించారు. ఇక్కడ బోరు నీళ్లు నోట పెట్టలేం, పంపు నీళ్లు వచ్చినప్పుడే పట్టుకోవాలి, తాగడానికి డబ్బా నీళ్లు. కాబట్టి నాలాంటివాడికి ఈ ఊళ్లో పనికి లోటు లేదు.

మా అక్కా బావా ఈ ఊరు చూడ్డానికి రాలేదు. ఉండటానికి వచ్చారు.

మా బావది గుండుగొలను అవతల, కొల్లేటి అంచున ఒక ఊరు. వరి చేలు చెరువులైపోయిన కాలంలో ఆయనా కౌలుకి ఒక చెరువు చేశాడు. ఒక ఏడు వరదకి కొల్లేరు పొంగి గట్టు మీదనుంచి నీళ్లు పారాయి. గట్టు పైన నీళ్లు పారితే చేప ఇంక ఎవరిదీ కాదు, కొల్లేటిది. పట్టుబడికి సిద్ధంగా ఉన్న చేప మొత్తం పోయింది. మరుసటి ఏడు ఆ చెరువుని మా బావ పిన్నిగారి కొడుకు కౌలుకి తీసుకున్నాడు. వరసకి తమ్ముడు, వయసులోనూ బాగా చిన్నవాడు. తీసుకున్న రోజునే వచ్చి, "అన్నయ్యా, మీరు లేకపోతే ఈ చెరువేంటండీ. మీరే చూసుకోండి, నెల జీతం అనుకోకండి, ఖర్చులకి అనుకోండి" అన్నాడట. మర్యాదగానే అన్నాడు. బావ ఆ రాత్రే అక్కతో సామాను సర్దించాడు.

"ఏ పనైనా చేస్తానోయ్," అన్నాడు నా ఇంట్లో మంచం మీద కూర్చుని. "నాది కాని గట్టు మీద మాత్రం జీతానికి నిలబడను. అదొక్కటీ రాకుండా చూసుకుంటే చాలు నాకు."

అక్క ఆయన వెనక నిలబడి, ఆ మాట ఇదివరకే చాలాసార్లు విన్నట్టు గోడ వైపు చూసింది. చూసి, "ఒరేయ్ తమ్ముడూ, ఈ గోడకేం రోగంరా?" అంది.

బావ ఆలోచన సరళంగానే ఉంది. బందరులో సముద్రపు చేప దొరుకుతుంది. సముద్రపు చేప ఎంత తాజాదైనా చచ్చిందే. కొనేవాడు మొప్పలెత్తి చూసి, కన్ను నొక్కి చూసి, వాసన చూసి నమ్మాలి. మా వైపు అలా కాదు. కొర్రమీను తొట్టెలో ఈదుతుంటే వేలు పెట్టి చూపిస్తాం, 'అది' అని. కళ్లెదుట కొట్టి ఇస్తారు. అల్లుడొస్తే మా ఇళ్లల్లో కోడిని కోసినా కోడి లెక్కలోకి రాదు, కొర్రమీను పులుసు పడితేనే మర్యాద జరిగినట్టు. నా చిన్నప్పుడు మా మేనత్త భర్త ఒకసారి కొర్రమీను పెట్టలేదని మూడు పండగలు గడప తొక్కలేదు.

"ఇంత పెద్ద ఊళ్లో బతికిన చేప అమ్మేవాడు ఒక్కడు లేడు," అన్నాడు బావ. "చూపిస్తే ఎగబడరూ?"

నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు. కొర్రమీను నీళ్ల పైకొచ్చి గాలి పీల్చే చేప, కొద్దిపాటి నీళ్లతో డబ్బాలో ప్రయాణం తట్టుకుంటుంది. కైకలూరులో పొద్దున్నే కొని రైలెక్కించి, గుడివాడ, పెడన మీదుగా బందరు దింపొచ్చు. చేపల మార్కెట్లో చోటు దొరకలేదు. అక్కడ చేపలు పోసి అమ్మే గట్టు ఎవరిది వాళ్లకి తల్లుల నాటినుంచీ ఉంది. జనం ఎప్పుడూ తిరుగుతుండే రోడ్డు చూసి, ఒక మూసిన మెకానిక్కు షెడ్డు ముందు భాగం అద్దెకి తీసుకున్నాడు. జనం అంతమంది ఆ రోడ్డున ఎందుకు తిరుగుతారో మేం ఆలోచించలేదు. రోడ్డు పొడుగునా ఆసుపత్రులు, మందుల షాపులు, రక్తపరీక్షల ల్యాబులు.

మొదటి వారం చేపలు చచ్చాయి. అది నా సబ్జెక్టు కాబట్టి నేను దిగాను. పంపు నీళ్లలో క్లోరిన్ ఘాటుగా ఉంది. తొట్టెలో పొయ్యకముందు డ్రమ్ముల్లో మూత తీసి ఒకరోజు ఉంచమన్నాను, చిన్న గాలి మోటారు ఒకటి బిగించాను, ఎండ పడకుండా పైన పచ్చ గుడ్డ కట్టాం. బోరు నీళ్ల జోలికి వెళ్లొద్దన్నాను. ఆ తరవాత చావులు ఆగిపోయాయి. చేపలు నల్లగా, నిగనిగలాడుతూ, తొట్టె అంచుకి మూతులు తగిలిస్తూ తిరిగేవి. నాకు తెలిసిన ఇబ్బందులన్నీ అక్కడితో తీరిపోయాయి.

కొనేవాళ్లు మాత్రం రోజుకి నలుగురైదుగురు మించలేదు. ఆ వచ్చేవాళ్లు కూడా చేప బాగుందా అని అడగరు. "ఏడో రోజు నుంచి పెట్టొచ్చాండీ?" అని అడుగుతారు. "ముళ్లు తీసి మెత్తగా ఉడికిస్తే పత్యానికి పనికొస్తుందాండీ?" అని అడుగుతారు.

విషయం చెప్పింది మార్కెట్లో చేపలమ్మే ఒకావిడ. తట్ట దించుకుని ఒకరోజు తొట్టె చూడ్డానికే వచ్చింది. వంగి చూసి, "చేప దివ్యంగా ఉందండీ అన్నగారూ. కుట్లు పడ్డవాళ్లకి దీన్ని మించింది లేదు," అంది.

"కుట్లకేవిటమ్మా, మేం అల్లుళ్లకి పెడతాం."

"అల్లుడికా!" తట్ట పట్టుకుని నవ్వింది. "మా ఊళ్లో అల్లుడికి పండుగప్ప చేప పెట్టాలి గానీ, ఇది పెడితే 'నాకేం రోగం వచ్చిందండీ అత్తగారూ' అని విస్తరి ముందునుంచి లేచిపోడూ!"

బావ కూడా నవ్వాడు. తరవాత రోజులనుంచి అది ఆయనకి కనబడటం మొదలైంది, నేను వెళ్లినప్పుడు నాకూ కనబడింది. ఒక పెద్దమనిషి స్కూటరాపి, కళ్లద్దాలు సవరించుకుని ఇష్టంగా తొట్టెలోకి చూస్తుంటాడు. రోడ్డున పోయే ఇంకొకాయన బండి స్లో చేసి, "ఏవండోయ్, ఇంట్లో ఎవరికి? ఆపరేషనా?" అంటాడు. "అబ్బే, ఎవరికీ ఏమీ లేదండీ, ఊరికే చూస్తున్నా," అని ఈయన స్కూటరు స్టార్టు చేస్తాడు. కొన్నవాళ్లు చేప సంచీని ఇంకో సంచీలో పెట్టుకునేవారు. బందరులో మా తొట్టె దగ్గర నిలబడితే ఇంట్లో ఎవరో మంచాన పడ్డట్టే లెక్క.

దీనికి విరుగుడు ఉంటుందనుకున్నాను. బోర్డు మార్పించాను, 'విందులకు, అల్లుళ్లకు బతికిన కొర్రమీను' అని పెద్ద అక్షరాలతో. మర్నాడే ల్యాబులో పనిచేసే కుర్రాడొకడు చదివి, "అల్లుడుగారు ఏ వార్డులో ఉన్నారండీ?" అనడిగాడు. చుట్టుపక్కల షాపుల వాళ్లకి అది చాలా రోజులు సరిపోయింది.

ఒక ఆదివారం అక్క షెడ్డులోనే పొయ్యి పెట్టి పులుసు కాచింది. మామిడికాయ వేసి, చివర ఆవపొడి చల్లి, మా అమ్మ చేసే పద్ధతిలో. చిన్న ఆకు దొన్నెల్లో అన్నంతో కలిపి వచ్చినవాళ్లకల్లా ఊరికే పెట్టాం. తిన్నారు. వేళ్లు నాక్కున్నారు. మెచ్చుకున్నారు కూడా. ఒక ముసలావిడ రెండో దొన్నె అడిగి తిని, అక్క చెయ్యి పట్టుకుని, "ఎంత బాగుందమ్మా! మా ఆయనకి గుండె ఆపరేషను అయినప్పుడు తిన్నాను, మళ్లీ ఇదే," అంది. ఆ మాటకి తినేవాళ్లలో ఇద్దరు తలలూపారు. అక్క గిన్నె మీద మూత పెట్టేసింది.

"నువ్వు నీళ్లని మార్చగలవురా," అంది నాతో ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతూ. "వీళ్ల నాలికని మార్చే మిషను ఉందా మీ కంపెనీలో?"

వానాకాలం వచ్చింది. ఊరంతా జ్వరాలు. ఆసుపత్రి రోడ్డులో బండి పెట్టడానికి చోటు లేదు. తొట్టె మధ్యాహ్నానికే ఖాళీ అయ్యేది. అలాంటి ఒకరోజు బావ ఇంటికొచ్చి, చాలా నెలల తరవాత మొదటిసారి ఈల వేస్తూ కాళ్లు కడుక్కుని, కంచం ముందు కూర్చున్నాడు.

"ఇవాళ బావుందోయ్. లోపల మంచాలు చాలక వరండాలో పడుకోబెడుతున్నారట. రేపు ఇంకో డబ్బా ఎక్కించమని చెప్పాను."

అన్నం వడ్డిస్తున్న అక్క చెయ్యి ఆగింది. "ఏవండీ," అంది. "మీరేమన్నారో మీకు వినబడిందాండీ?"

బావ ఆమె వైపు చూశాడు. నా వైపు చూశాడు. తరవాత కంచం వైపు చూసి, "వడ్డించు," అన్నాడు మెల్లిగా. 

నేను ఇంకా దారులు వెతికాను. సముద్రపు చేపకి మారదామా అంటే మార్కెట్లో చోటే లేదు. చేపని హోటళ్లకి వేద్దామా అంటే వాళ్లకి ముక్కలుగా వచ్చే చెరువు చేప చవక. ఎండు చేప అమ్ముదామా అంటే ఈ గాలికి అది తడి లాగుతుంది. చోటు మారుద్దామా అంటే, కొనే నలుగురూ ఆసుపత్రివాళ్లే, చోటు మారితే ఆ నలుగురూ ఉండరు. ప్రతిదానికీ ఎదురుగా కొట్టివేత గీత పడింది. వానలు తగ్గాయి, జ్వరాలు తగ్గాయి, తొట్టె మళ్లీ సాయంత్రం దాకా నిండుగా ఉండసాగింది.

ఆ రోజుల్లో ఒక కుర్ర భర్త వచ్చేవాడు. పెళ్లాం లోపల ఉందని చెప్పాడు, ఏం జబ్బో చెప్పలేదు. రోజూ ఒక చిన్న చేప తీసుకునేవాడు. నేను డ్రమ్ములు కడగడానికి వెళ్లిన ఒక ఉదయం అతను షెడ్డు ముందునుంచి ఆగకుండా వెళ్లిపోతున్నాడు.

"ఏవండీ, ఇవాళ వద్దా?" బావ పిలిచాడు.

అతను తల తిప్పి, "ఇంక అక్కర్లేదండీ," అన్నాడు. అని వెళ్లిపోయాడు.

బాగైపోయి అక్కర్లేదో, ఇంకెందుకైనా అక్కర్లేదో మొహం చూస్తే తెలియలేదు. బావ అడగలేదు. తొట్టెలో చేపని తీసే వలగుడ్డ చేత్తో పట్టుకుని అతను మలుపు తిరిగేదాకా చూశాడు. ఆ తరవాత నా పక్కనొచ్చి బోర్లించిన డ్రమ్ము మీద కూర్చున్నాడు.

"వెళ్లి ఎలా ఉందని అడగాలి కదోయ్ మనిషన్నవాడు."

నేను డ్రమ్ము కడగడం ఆపాను.

"నాకు ముందు రేపటి చేప గుర్తొచ్చింది. ఒకటి తగ్గించి చెప్పాలి కదా కైకలూరుకి, అని." అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "కౌలు పోయినప్పుడు కూడా నేనింతగా దిగజారలేదురా."

ఎప్పుడూ నన్ను 'ఓయ్' అనడమే గానీ 'రా' అనని మనిషి. అన్నట్టు ఆయనకి తెలిసినట్టు లేదు.

ఆ సాయంత్రం మా ఇంటి అరుగు మీద కూర్చుని, చెరువు తీసుకున్న తమ్ముడికి ఫోను చేశాడు. అక్కకి కూడా వినబడాలని కాబోలు స్పీకరు పెట్టాడు.

"ఎంత మాట అన్నయ్యా! మీ చెరువు కాదండీ అది? మీరు రారనుకుని వేరే మనిషిని పెట్టాను, రేపే వద్దని చెప్పేస్తాను."

"వాణ్ణి తీసెయ్యకు, వాడికేదైనా..."

"అవన్నీ నేను చూసుకుంటాను కదండీ. మీరు ఊరికే అలా గట్టు మీద ఉంటే చాలు. పొద్దున్నే మేత వేయించాలి, నీళ్లు చూడాలి, రాత్రిపూట దొంగలు రాకుండా షెడ్డులో పడుకోవాలి, అంతేనండీ. వదినగారు వంట కూడా అక్కడే చేసుకోవచ్చు."

"సరే," అన్నాడు బావ. ఫోను పెట్టేసి, అక్క వైపు చూడకుండా, "విన్నావుగా," అన్నాడు. అక్క లోపలికి వెళ్లి తాళ్లు వెతకడం మొదలుపెట్టింది.

తొట్టెనీ గాలి మోటారునీ ఎవరూ కొనలేదు. డ్రమ్ముల్లో ఒకటి నాకు నీళ్లు పట్టుకోవడానికి ఉంచుకున్నాను. వెళ్లేరోజు అక్క బస్టాండులో, "ఏడాది ఉన్నాం గదరా ఈ ఊళ్లో. సముద్రం ఎటువైపు?" అనడిగింది. చెయ్యెత్తి తూర్పు చూపించాను. బస్టాండు నుంచి కనబడదు. కోట, సమాధులు, గుడి ఏదీ వాళ్లు చూడలేదు. ఆదివారం చూపిస్తానని నేను అన్నప్పుడల్లా, ఆదివారమే కదా బేరం అని బావ అనేవాడు.

మాఘ పౌర్ణమికి సముద్రస్నానానికి మా వైపునుంచి బందరు చాలామంది వస్తారు. ఆ ఏడు బావ తమ్ముడు కుటుంబంతో వ్యాను మాట్లాడుకుని వచ్చాడు. ఊరు తెలిసినవాడినని నాకు ఫోను చేశాడు. వ్యాను తలుపు తెరుచుకుంటే ముందు దిగినవాడు మా బావ. రెండు చేతులా క్యారేజీలు, మంచినీళ్ల డబ్బా. గడ్డం నెరిసింది. అక్క రాలేదు. చెరువు దగ్గర ఎవరో ఒకరుండాలి కదా అన్నాడు.

నా వరుస ప్రకారం సమాధుల దగ్గరికి తీసుకెళ్లాను. రాళ్ల మీద చెక్కిన బొమ్మలూ, అర్థం కాని అక్షరాలూ చూసి తమ్ముడి భార్య ఫోటోలు తీసుకుంటోంది.

"అన్నయ్యా, మీరిక్కడే ఉన్నారు గదండీ," అన్నాడు తమ్ముడు. "చెప్పండి మాకు, ఏవేం చూడాలో."

"నేనేమీ చూళ్లేదండీ," అన్నాడు బావ. "మా బావమరిదికే తెలుసు."

తనని 'అండీ' అనడంలో తమ్ముడు ఏ తేడా గమనించలేదు. ఇద్దరూ ఇప్పుడు ఒకరినొకరు అలాగే పిలుచుకుంటున్నారని నాకర్థమైంది.

మధ్యాహ్నానికి సముద్రపు చేప తినాలన్నారు. నేను తెస్తానన్నాను. "నువ్వుండు, నాకు చూడ్డం వచ్చు," అని బావ సంచీ తీసుకున్నాడు. నేనూ మార్కెట్టుకి వెంట వెళ్లాను. అప్పుడు తట్ట దించుకుని మా షెడ్డుకొచ్చినావిడే దూరంనుంచి చూసి కేకేసింది.

"అన్నగారా! ఎన్నాళ్లకండీ! మళ్లీ కొట్టు పెడుతున్నారా ఏంటి?"

"లేదమ్మా. మా వాళ్లొచ్చారు. పండుగప్ప కావాలట."

"అల్లుళ్లా?" అని కళ్లెగరేసింది.

బావ వంగి మొప్పలెత్తి చూస్తున్నాడు.  మంచి చేప ఏరాడు. బేరం ఆడలేదు. తను అమ్మినన్నాళ్లూ బేరమాడేవాళ్లని తిట్టుకున్న మనిషి.

సాయంత్రం మంగినపూడిలో జనం కిక్కిరిసి ఉన్నారు. అక్కడ ఇసక కాదు, నల్లమన్ను. కాలు పెడితే మెత్తగా దిగుతుంది. అందరూ నీళ్లలోకి దిగారు. చెప్పులు, పొడిబట్టలు, ఫోన్లు ఒక దుప్పటి మీద పోసి బావ దాని పక్కన కూర్చున్నాడు. నేను చూస్తాను, వెళ్లి మునిగి రమ్మన్నాను.

"రోజూ చెరువులోనే గదోయ్. ఇంకా తడి ఎందుకు."

సముద్రం వైపు చూశాడు. "గట్టు లేకుండా ఇంత నీళ్లేమిటోయ్," అన్నాడు, నాతో కాక తనతోనే అన్నట్టు. అక్క గురించి అడిగాను. చెరువు మీద దోమలెక్కువనీ, దగ్గు తగ్గలేదనీ చెప్పాడు. మా ఇంటికి కొన్నాళ్లు పంపించమన్నాను. "మేత ఎవరు వేస్తారు మరి?" అన్నాడు. అది ప్రశ్న కాదు కాబట్టి నేను ఆపేశాను.

"అన్నయ్యా!" నీళ్లలోనుంచి తమ్ముడు పిలిచాడు. "తువ్వాళ్లు ఇలా తెచ్చిపెడతారా? పిల్లలు వణుకుతున్నారండీ."

"వస్తున్నానండీ."

లేచి, పంచె మోకాళ్ల పైకి దోపి, తువ్వాళ్లు రెండు చేతులా తల పైకెత్తి పట్టుకుని నీళ్లలోకి నడిచాడు. నేను దుప్పటి దగ్గర చెప్పులకి కాపలా కూర్చున్నాను.